వియన్నాలో మాస్టర్స్, మనసంతా కండక్టింగ్ మీద: సలహా కావాలి

కొత్త సభ్యుడు, వియన్నా:

అందరికీ నమస్కారం. ఈ అక్టోబరులోనే టీయూ వియన్నాలో (ఇక్కడి టెక్నికల్ యూనివర్సిటీ) చేరాను. మాది తెనాలి. చిన్నప్పటి నుంచి కర్ణాటక వయొలిన్ నేర్చుకున్నాను. పోయిన నెల స్టేట్ ఒపేరాలో నిలబడి చూసే టికెట్ కొని ఒక వెర్డి ఒపేరాకి (పాటలతోనే నడిచే నాటకం) వెళ్లాను. పాడేవాళ్లను వదిలేసి స్టేజీ ముందు కింద పిట్‌లో కూర్చున్న వాయిద్యగాళ్లందర్నీ చేతులతో నడిపిస్తున్న కండక్టర్‌నే చూస్తూ ఉండిపోయాను. అప్పట్నుంచి చదువు మీద ధ్యాస నిలవడం లేదు. పెద్ద కండక్టర్ జుబిన్ మెహతాగారు కూడా మెడిసిన్ దారి వదిలేసి ఈ ఊరే వచ్చారట కదా. నేనూ మాస్టర్స్ మానేసి కండక్టింగ్‌లో చేరిపోవచ్చా? ఇంట్లో లోన్ తీసి పంపారు. వాళ్లకి ఎలా చెప్పాలో తెలియక టెన్షన్‌గా ఉంది.

పాత సభ్యురాలు, వియన్నా:

తమ్ముడూ, చదువు మానకు. ఆ కోరికా మానకు. నేనిక్కడ ఒక ఔత్సాహిక ఆర్కెస్ట్రాలో వయోలా (వయొలిన్ కన్నా కాస్త పెద్దది) వాయిస్తాను కాబట్టి నీ మాట నాకు బాగా అర్థమైంది. కానీ "మెడిసిన్ వదిలేసి వచ్చారు" అన్న ఒక్క ముక్కే పట్టుకుంటే దారి తప్పుతావు. మెహతాగారి కథ మొత్తం చూడు.

ఆయన 1936లో బొంబాయిలో పుట్టారు. వాళ్ల నాన్నగారు మేలీ మెహతా వయొలినిస్టు. బొంబాయి సింఫనీ ఆర్కెస్ట్రా పెట్టింది ఆయనే. పిల్లవాడు పుట్టింది మొదలు విన్నది సింఫనీలే, పదహారేళ్లకే నాన్న ఆర్కెస్ట్రాకి రిహార్సల్ చేయించాడు. 1954లో పద్దెనిమిదేళ్లకు వియన్నా వచ్చేటప్పటికే అంత పునాది ఉంది. అయినా ఇక్కడ కార్ల్ బోమ్ కండక్టింగ్‌లో వియన్నా ఫిల్హార్మోనిక్ వాయించిన బ్రామ్స్ మొదటి సింఫనీ విన్నాకే ఆర్కెస్ట్రా ఎలా మోగాలో తెలిసిందని చెప్పుకున్నారు.

ఇక అసలు సంగతి. వచ్చీ రాగానే ఆయన చేతికి ఎవరూ ఆర్కెస్ట్రా ఇవ్వలేదు. ఇక్కడి సంగీత అకాడమీలో డబుల్ బేస్ (వయొలిన్ జాతిలో అన్నిటికన్నా పెద్ద వాయిద్యం) నేర్చుకున్నారు. అంటే వెనక వరసలో నిలబడి, ముందున్న కండక్టర్ చెయ్యి కదిలితే తన విల్లు ఎప్పుడు కదలాలో వాయిద్యగాడిగా తెలుసుకున్నారు. కండక్టింగ్ గురువు హాన్స్ స్వరోవ్‌స్కీ. చేతులు ఊపడం కన్నా స్కోరును (అన్ని వాయిద్యాల స్వరాలూ వరసలుగా రాసిన పుస్తకం) విప్పి చదవడం మీద పట్టుదల ఉన్న మనిషి. తర్వాత పెద్ద కండక్టర్ అయిన క్లాడియో అబ్బాడో కూడా ఆయన శిష్యుడే. మెహతా, అబ్బాడో కలిసి ఏం చేశారో తెలుసా? పెద్ద కండక్టర్ల రిహార్సల్స్‌కి బయటివాళ్లను రానివ్వరని ఇక్కడి కచేరీ హాలు మ్యూజిక్‌ఫెరైన్ గాయక బృందంలో చేరిపోయారు. కోరస్‌లో నిలబడి బ్రూనో వాల్టర్‌నీ, కరాయన్‌నీ ఎదురుగా చూస్తూ నేర్చుకున్నారు. నీకు చెప్పదలచుకున్నది ఇదే: ముందు ఆర్కెస్ట్రా లోపలికి వెళ్లు, దాని ముందు నిలబడేది తర్వాత.

1956లో హంగరీ నుంచి శరణార్థులు వచ్చినప్పుడు వారం రోజుల్లో విద్యార్థులతో ఒక ఆర్కెస్ట్రా కూర్చి వాళ్ల శిబిరంలో కచేరీ చేశారు. ఆయన జీవితంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం అది. 1958లో లివర్‌పూల్ పోటీలో మొదటి బహుమతి. తర్వాత మాంట్రియల్ సింఫనీ, లాస్ ఏంజిలెస్, న్యూయార్క్, ఇజ్రాయెల్ ఫిల్హార్మోనిక్‌లు. ఇవన్నీ ఎక్కడైనా దొరుకుతాయి. వేరేవాళ్లు రాలేకపోయిన కచేరీలకు బదులుగా వెళ్లే ఆ మొదటి అవకాశాలు వచ్చాయంటే అదృష్టమే. కానీ పిలుపు వచ్చిన రోజుకి స్కోరు తలలో సిద్ధంగా ఉంది.

ఇక నీ విషయం. ఇక్కడ ఉండే పర్మిట్ పొడిగింపుకి ఏటా చదువులో 16 ఈసీటీఎస్ క్రెడిట్లు (యూరప్ యూనివర్సిటీల లెక్క) చూపించాలి, అది మర్చిపోతే సంగీతం సంగతి దేవుడెరుగు. మీ టీయూకే విద్యార్థుల ఆర్కెస్ట్రా ఉంది, అడుగు. ఇప్పుడే తీసుకోకపోవచ్చు, ఎందుకంటే మనం నేల మీద కూర్చుని వయొలిన్ తలను పాదానికి ఆనించి వాయించే పద్ధతి వేరు, గడ్డం కింద పెట్టుకుని విల్లు నడపడం వేరు. మన తీగలకు శ్రుతి సపసప, ఇక్కడ జి, డి, ఎ, ఇ. పాత అలవాటు మార్చుకోవడానికి ఏడాదైనా పడుతుంది. అందుకే ముందు ఏదైనా కోరస్‌లో చేరు. చెవి ఉంది కాబట్టి నీకు కష్టం కాదు, జర్మన్ కూడా వస్తుంది.

సభ్యుడు, మ్యూనిక్:

అక్క చెప్పినదానికి ఒపేరా వైపు నుంచి ఒక మాట. మెహతాగారు 1998 నుంచి 2006 దాకా ఇక్కడి బవేరియన్ స్టేట్ ఒపేరాకి సంగీత సారథి. ఒపేరాలో కండక్టర్ పని సింఫనీ కన్నా చిక్కు. స్టేజీ దూరం, గాయకుడు ఊపిరి కాస్త ఎక్కువ తీసుకుంటే పిట్‌లో ఉన్నవాళ్లందర్నీ ఆ క్షణానికి ఆపి పట్టుకోవాలి, ఒక్కోసారి కోరస్ తెర వెనక నుంచి పాడుతుంది. అందుకే జర్మన్ మాట్లాడే దేశాల్లో చాలామంది కొరెపెటిటర్‌గా మొదలవుతారు. అంటే మొత్తం ఆర్కెస్ట్రా భాగాన్ని పియానో మీద వాయిస్తూ గాయకులకు పాత్ర నేర్పే ఉద్యోగం. ఆ దారికి పియానో బలంగా ఉండాలి. మీరు ఇప్పటిదాకా పియానో ముట్టుకోకపోతే ఆ దారి చాలా కష్టమని ఇప్పుడే తెలుసుకోవడం మంచిది. అందుకని సంగీతం మానెయ్యమని కాదు.

మరో సంగతి. ఆయన ఇన్ని దేశాల్లో పనిచేసినా భారత పాస్‌పోర్టు వదులుకోలేదు. 2013లో ఇదే బవేరియన్ ఆర్కెస్ట్రాని తీసుకెళ్లి శ్రీనగర్ షాలిమార్ తోటలో కచేరీ చేశారు.

కొత్త సభ్యుడు, వియన్నా:

ధన్యవాదాలు అక్కా, అన్నయ్యా. పియానో రాదు, కీబోర్డు మీద కీర్తనలు వాయిస్తానంతే. స్టాఫ్ నొటేషన్ (ఐదు గీతల మీద రాసే పాశ్చాత్య స్వరలిపి) నెమ్మదిగా చదవగలను. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

పాత సభ్యురాలు, వియన్నా:

పాత స్కోర్లు పెట్టే ఐఎంఎస్ఎల్‌పీ సైటులో బీథోవెన్ మొదటి సింఫనీ స్కోరు ఉచితంగా దొరుకుతుంది. మొదటి రోజు అన్ని వరసలూ చదవబోకు, తల తిరుగుతుంది. రికార్డింగ్ పెట్టుకుని హార్న్ వరస ఒక్కటే వేలితో అనుసరించు. మరుసటి రోజు వయోలా, తర్వాత బసూన్. తర్వాత వేరే స్కోర్లలో క్లారినెట్ దగ్గరకొచ్చేసరికి కాగితం మీద ఒక స్వరం, చెవికి ఇంకో స్వరం ఉండొచ్చు, కంగారు పడకు. బి-ఫ్లాట్ క్లారినెట్‌లో సి అని రాస్తే బి-ఫ్లాట్ వినిపిస్తుంది. మనం పాడేవాళ్ల గొంతుకి శ్రుతి మార్చుకున్నా సరిగమలే అంటాం కదా, నీకు త్వరగానే అందుతుంది.

స్టేట్ ఒపేరాకి మళ్లీ వెళ్లే ముందు కథ చదువుకో. వెళ్లే ముందు కథ చదువుకో. పరీక్షలు అయ్యాక మా ఆర్కెస్ట్రా రిహార్సల్‌కి రా, వయోలాల వెనక కుర్చీ వేయిస్తాను. అమ్మానాన్నలకు ఫోన్ చేసి చదువు మానట్లేదని ముందు చెప్పు.