జాకీ, రౌతు, మూడు కాళ్ళు

ప్రశ్న: మా చిన్న తాతయ్య పెట్టెలో దొరికిన నోటు పుస్తకం చివర "జాకీ పనికి ఈరోజుతో స్వస్తి" అని ఉంది. ఆయన బండ్ల మరమ్మతు చేసేవారని మేమంతా అనుకునేవాళ్ళం. మాకు తెలిసిన జాకీ బండిని పైకి లేపేదే మరి! పుస్తకం కింద పొట్టి కమ్చీ, గుర్రం పక్కన నిలబడి తీయించుకున్న ఫొటో బయటపడ్డాక గానీ ఆయన గుర్రప్పందేల్లో స్వారీ చేసే జాకీ అన్న సంగతి తెలియలేదు. ప్రతి పేజీలో తేదీ, పక్కన కిలోల్లో ఆయన బరువు: 52, 51.5, 53. కొన్నిచోట్ల మాత్రం "మూడు కాళ్ళే" అని రాశారు. గుర్రం కుంటిందనా?

జవాబు: కుంటడం కాకపోవచ్చు. "రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ళ మీద నడుస్తుంది" అని సామెత. పట్టు సడలిందని ఆయన తనను తానే దెప్పుకుని ఉంటారు. ఏనుగుకు మావటి, రథానికి సారథి ఉన్నట్టే గుర్రానికి రౌతు. రాజపుత్ర శబ్దం ప్రాకృతం మీదుగా రాహుత్తు, రావుతు అయి రౌతుగా స్థిరపడింది. జాకీ బదులు ఇదే వాడుకోవచ్చుగా?

మరొకరు: నాకు రుచించదు. రౌతు అంటే కత్తి, డాలు గుర్తొస్తాయి. జాకీకి తక్కెడే యుద్ధం. పందేనికి ముందూ తర్వాతా జీనుతో సహా తూగాలి, బరువు చాలకపోతే సీసం చేర్చుకోవాలి, ఎక్కువైతే కడుపు మాడ్చుకోవాలి. ఇక మీ ఇంట్లోవాళ్ళ పొరపాటు మరీ అంత పొరపాటేమీ కాదు. జాన్‌కు ముద్దుపేరు జాక్, దాని స్కాట్లండ్ రూపం నుంచి వచ్చింది జాకీ. ఆ పేరు మామూలు కుర్రాడికి, ఆపైన గుర్రాల కుర్రాడికి అంటుకుంది. కుర్రాడి బదులు బరువు మోసే పరికరం కూడా జాక్ అయింది. ఇంగ్లీషులో వేరుపడ్డ అన్నదమ్ములు తెలుగులో మళ్ళీ ఒకే మాటయ్యారు.

అడిగినవారు: ఇద్దరికీ ధన్యవాదాలు. సామెత చదివాక పుస్తకం మళ్ళీ తిరగేశాను. "మూడు కాళ్ళే" అని ఉన్న పేజీలు తొమ్మిది. తొమ్మిదింటిలోనూ బరువు 51 లోపే.