పోతురాజు కొరడా గాల్లోనే ఆగిపోయింది: ఎడిటింగ్‌లో కదలిక ఎలా తేవాలి?

లష్కర్ లెన్స్
అందరికీ నమస్కారం. సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి బోనాల్లో పోతురాజు ఫొటో ఒకటి తీశాను. ఒళ్లంతా పసుపు, నడుముకు వేపమండలు, చేతిలో కొరడా గిర్రున తిరుగుతోంది. ఎండ బాగా ఉందని షట్టర్ వేగం 1/1600 సెకనులో పెట్టాను. ముఖం చాలా బాగా వచ్చింది, కొరడా మాత్రం దండెం మీద వేలాడదీసిన తాడులా ఉంది. అక్కడ నిలబడ్డవాళ్లకు ఆ ఊపు చూస్తే ఒళ్లు జలదరించింది, ఫొటోలో అది లేదు. ఫొటోషాప్‌లో మోషన్ బ్లర్ (కదిలినట్టు చెదరగొట్టే ఫిల్టర్) వేస్తే కొరడాతో పాటు వెనకున్న జనం కూడా అలుక్కుపోతున్నారు. ఇలాంటివాటికి మీరెలా పని చేస్తారో చెప్పండి.

గజ్జెల చప్పుడు
నేను ఎక్కువగా కూచిపూడి ప్రదర్శనలు తీస్తాను, మీ ఇబ్బంది నాకు రోజూ ఉండేదే. మామూలు మోషన్ బ్లర్ సరళరేఖలోనే లాగుతుంది. కొరడా తిరిగేది వంపులో. ఫిల్టర్ మెనూలో బ్లర్ గ్యాలరీ కింద పాత్ బ్లర్ ఉంటుంది, ఫొటోషాప్ సీసీ 2014 నుంచీ ఉంది. కొరడా ఏ దారిలో వచ్చిందో ఆ వంపు గీయండి. రెండు చివర్లకూ వేగం విడివిడిగా ఇవ్వొచ్చు. పిడి దగ్గర దాదాపు సున్నా, కొస దగ్గర ఎక్కువ. చెయ్యి తిరిగేటప్పుడు మణికట్టు కన్నా కొస ఎన్నో రెట్లు వేగంగా పోతుంది కదా, బ్లర్ కూడా అలాగే పెరగాలి. అంతా ఒకే మోతాదులో వేస్తే కన్ను ఒప్పుకోదు.

నాట్యంలోనూ ఇంతే. కూచిపూడిలో తరంగం అనే అంశంలో పళ్లెం అంచుల మీద నిలబడి ఆడుతున్నప్పుడు నడుము పైభాగం దాదాపు నిశ్చలంగా ఉంటుంది. వేళ్లు, జడ కొస, చీర కుచ్చిళ్లు కదులుతాయి. వాటికే బ్లర్ ఇస్తాను, కళ్లను ముట్టుకోను. పక్కన కదలనిది ఒకటి ఉంటేనే కదిలేది కదిలినట్టు కనిపిస్తుంది.

చీకటిగది
పై మాట నిజం, కానీ జనం అలుక్కుపోవడానికి కారణం వేరే. మీరు కొరడా చుట్టూ మాస్క్ (ఎడిట్ ఎంతవరకు పడాలో చెప్పే హద్దు) గీసి బ్లర్ వేశారనుకుంటా. అలా వేస్తే వెనకున్న జనం రంగులు కూడా ఆ బ్లర్‌లో కలిసిపోతాయి, అంచు దగ్గర ఒక వెలుగు గీత మిగులుతుంది. నేను చేసే వరుస ఇది: ముందు కొరడాను వేరే పొరలోకి, అంటే వేరే లేయర్‌లోకి తీస్తాను. కింది లేయర్‌లో కొరడా ఉన్న చోటును చుట్టూ ఉన్నదాన్ని చూసి ఖాళీని నింపే కంటెంట్ అవేర్ ఫిల్‌తో పూడ్చి జనాన్ని శుభ్రం చేస్తాను. ఆ తర్వాత పై లేయర్‌ను స్మార్ట్ ఆబ్జెక్ట్ చేసి, దానికే పాత్ బ్లర్ వేస్తాను. స్మార్ట్ ఆబ్జెక్ట్ అయితే తర్వాత ఎప్పుడైనా మోతాదు మార్చుకోవచ్చు. నిజంగా కదిలే వస్తువు అంచు దాటి బయటికి చెదురుతుంది, వెనకున్నది దానిలోంచి కాస్త కనబడుతుంది. ఆ పారదర్శకత లేయర్ విడదీస్తేనే వస్తుంది.

జింప్ అనే ఉచిత ఎడిటింగ్ ప్రోగ్రామ్ వాడేవాళ్లకు కూడా ఈ పద్ధతి పనికొస్తుంది. అందులో సరళరేఖ, వృత్తం, జూమ్ అని మూడు రకాల మోషన్ బ్లర్ ఉన్నాయి. కొరడాకు వృత్తం తీసుకుని కేంద్రాన్ని భుజం దగ్గర పెట్టండి.

బెజవాడ బస్సుల పిచ్చి
నేను ఆర్టీసీ బస్సులు, లారీలు తీస్తాను. బ్లర్ ఎంత వేయాలన్నది అందరూ కంటి అంచనాతో చేస్తారు, నేను లెక్క వేస్తాను. బస్సు గంటకు 36 కిలోమీటర్ల వేగంతో పోతోందనుకోండి, అంటే సెకనుకు 10 మీటర్లు. 1/30 సెకనులో 33 సెంటీమీటర్లు కదులుతుంది. ఫొటోలో 10 మీటర్ల బస్సు 4,000 పిక్సెల్స్ పొడవుంటే ఆ 33 సెంటీమీటర్లు సుమారు 133 పిక్సెల్స్. మోషన్ బ్లర్‌లో డిస్టెన్స్ దగ్గర ఆ అంకె వేస్తే నిజం ఫొటోలానే ఉంటుంది. 500 వేస్తే బస్సు రాకెట్ అయిపోతుంది, చూసేవాళ్లకు కారణం తెలియకపోయినా ఏదో తేడా ఉందని పట్టేస్తారు.

చక్రాల దగ్గరే చాలామంది ఎడిటింగ్ దొరికిపోతుంది. బస్సును కెమెరాతో వెంబడించి ప్యానింగ్ చేసినట్టు చూపిస్తుంటే చక్రం మొత్తం సమంగా తిరగాలి, అప్పుడు గుండ్రంగా తిప్పే స్పిన్ బ్లర్ సరిపోతుంది. సుమారు మీటరు వ్యాసం ఉన్న టైరు ఆ వేగంలో 1/30 సెకనుకు 38 డిగ్రీలు తిరుగుతుంది, కోణం అంతే ఇవ్వండి. పక్కనుంచి కాకుండా ఏటవాలుగా తీసిన ఫొటోలో చక్రం కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది కాబట్టి స్పిన్ బ్లర్ వలయాన్ని కూడా అదే ఆకారానికి లాగాలి. అదే కెమెరా కదలకుండా బస్సు మాత్రమే పోతున్నట్టు చూపిస్తుంటే లెక్క మారుతుంది. నేలను తాకే చోటు ఆ క్షణానికి ఆగి ఉంటుంది, చక్రం పైభాగం బస్సుకు రెట్టింపు వేగంతో పోతుంది. అందుకే కింద స్పష్టంగా, పైకి పోయేకొద్దీ చెదిరినట్టు రావాలి.

ఇంకొకటి. ఒకే చోట నిలబడి ప్యాన్ చేస్తే వెనకున్న చెట్టు, దూరంగా ఉన్న కొండ ఒకే మేరకు చెదురుతాయి. కదిలే బండిలోంచి తీసినట్టు చూపించాలంటేనే దగ్గరివి ఎక్కువ, దూరానివి తక్కువ చెదరాలి. ఈ రెండూ కలిపేసిన పోస్టర్లు జాతీయ రహదారి పొడవునా కనిపిస్తాయి, చూస్తే నిజంగా బాధేస్తుంది.

ఫోన్ ఫొటో
బెజవాడ అన్నా, ఆ చక్రం సంగతి ఎప్పుడూ గమనించలేదు, చాలా థ్యాంక్స్. కంప్యూటర్ లేనివాళ్ల కోసం: ఐఫోన్‌లో లైవ్ ఫొటోగా తీసి ఉంటే తర్వాత దాన్ని కదలిక చెదిరినట్టు కనిపించే లాంగ్ ఎక్స్‌పోజర్‌గా మార్చుకోవచ్చు. గూగుల్ పిక్సెల్ ఫోన్లలో 6 నుంచి కెమెరాలోనే, కదిలే మనిషిని స్పష్టంగా ఉంచి వెనకదాన్ని చెదరగొట్టే యాక్షన్ ప్యాన్ అని ఉంది. కాకపోతే మనిషి వేళ్లు, గాల్లో ఎగిరే జుట్టు దగ్గర అంచు తేడా కొడుతుంది, పెద్దది చేసి చూసుకోవాలి.

ఎత్తిపోతల
ఒకే ఫొటోకు బ్లర్ వేయడం కన్నా వరుసగా తీసిన ఫ్రేములు కలపడం నాకు నచ్చుతుంది, ఎందుకంటే అందులో ఉన్నది నిజంగా జరిగిన కదలికే. నీటికి ఇది బంగారంలా పనిచేస్తుంది. ట్రైపాడ్ మీద బర్స్ట్ (వరుసగా చకచకా చాలా ఫొటోలు) తీసి లేయర్లుగా పేర్చండి. ఒపాసిటీ (లేయర్ ఎంత శాతం కనబడాలన్నది) అడుగు లేయర్ 100, దాని పైది 50, తర్వాత 33, తర్వాత 25. ఇలా పోతే అన్నిటికీ సమాన వాటా వస్తుంది. ఎన్‌డీ ఫిల్టర్ (కెమెరాలోకి వచ్చే వెలుగును తగ్గించే నల్ల అద్దం) లేకుండానే జలపాతం పట్టులా వస్తుంది. లష్కర్ గారూ, ఆ పోతురాజువి బర్స్ట్‌లో ఇంకా ఉన్నాయా? ఉంటే కొరడాను పక్క ఫ్రేముల్లోంచి తెచ్చి పలచగా కలపొచ్చు.

దప్పు మోత
నాదొక భిన్నాభిప్రాయం. ప్రతిదానికీ బ్లర్ అక్కర్లేదు. గాల్లోకి లేచిన పాదం, ఒక పక్కకు ఒరిగిన ఒళ్లు, ఎగిరిన పసుపు పొడి చాలు, 1/1600లో కూడా కదలిక చెబుతాయి. ముందు క్రాపింగ్ చూడండి. కొరడా వెళ్లే వైపు జాగా వదిలారా? ఫ్రేమును రెండు మూడు డిగ్రీలు ఒరిగిస్తే ఏమవుతుంది? ఫ్రెంచ్ ఫొటోగ్రాఫర్ లార్తీగ్ తీసిన పాత కారు రేసు ఫొటోలో చక్రం ముందుకు ఒరిగి, జనం వెనక్కి వాలి ఉంటారు. షట్టర్ చీలిక ఫ్రేము మీదుగా మెల్లగా జరగడం, ఆయన కెమెరా తిప్పిన వేగం కారు వేగానికి తక్కువ కావడం వల్ల అలా వచ్చింది. ఆ ఒరుగులో ఉన్న వేగం ఎంత బ్లర్ వేసినా రాదు.

వచ్చే ఆషాఢానికి మాత్రం 1/15లో పెట్టి, రియర్ కర్టెన్ ఫ్లాష్‌తో తీయండి. ఫ్లాష్ చివర్లో వెలుగుతుంది కాబట్టి కొరడా జాడ వెనక పడుతుంది, మనిషి స్పష్టంగా నిలుస్తాడు. మధ్యాహ్నం ఎండలో కష్టం, సాయంత్రం నీడలో వస్తుంది.

లష్కర్ లెన్స్
అందరికీ చాలా థ్యాంక్స్. బర్స్ట్ లేదు. చీకటిగది గారు చెప్పినట్టు లేయర్ విడదీసి, కొస వైపు వేగం పెంచి పాత్ బ్లర్ వేశాను. దప్పు మోత అన్న చెప్పాక కుడివైపు జాగా ఉంచి మళ్లీ క్రాప్ చేశాను. ఇప్పుడు కొరడా నిజంగా తిరుగుతోంది. కానీ ఆ భాగం మాత్రం నున్నగా, మిగతా ఫొటో నుంచి వేరుగా ఉంది. ఇక్కడ పెట్టాను, చూడండి.

చీకటిగది
బ్లర్ వేస్తే గ్రెయిన్ (ఫొటోలోని సన్నని గరుకు) చెరిగిపోతుంది, అందుకే ఆ నునుపు. బ్లర్ గ్యాలరీలోనే నాయిస్ అని ప్యానెల్ ఉంది, దానితో మిగతా ఫొటోకు సరిపోయేంత గ్రెయిన్ తిరిగి కలపండి.

గజ్జెల చప్పుడు
చాలా బాగా వచ్చింది. ఒక్కటి మిగిలింది. రోడ్డు మీద కొరడా నీడ ఇంకా గీసినట్టు స్పష్టంగా ఉంది. నీడను కూడా వేరే లేయర్‌లోకి తీసి, అది నేల మీద పడ్డ వంపులోనే పాత్ గీసి బ్లర్ ఇవ్వండి.