అప్‌డేట్: మౌజర్ 98 ముందు స్టాక్ స్క్రూ ముక్క బయటికొచ్చింది

పాత మౌజర్ 98 వేట రైఫిల్‌లో ముందు స్టాక్ స్క్రూ (తుపాకీని స్టాక్‌కి, అంటే కట్టె భాగానికి, బిగించేది) తల తెగి, కాడ రిసీవర్‌లోనే (బోల్ట్ కదిలే లోహపు భాగం) ఉండిపోయిందని అడిగాను కదా, వచ్చేసింది. తూటా లేదని చూసుకుని, బోల్ట్, స్టాక్ తీసేసి, తుప్పు వదిలించే నూనె వేసి రాత్రంతా ఉంచాను. తర్వాత సరిగ్గా మధ్యలో పంచ్ కొట్టి, 3 మి.మీ. ఎడమచేతి (ఎదురు దిశలో తిరిగి కోసే) డ్రిల్ బిట్‌ను రివర్స్‌లో నెమ్మదిగా తిప్పితే ముక్క బిట్‌తోపాటే తిరిగి వచ్చింది. ఈజీ-అవుట్ (విరిగిన స్క్రూను పట్టి తిప్పి తీసే గట్టి స్టీలు పనిముట్టు) జోలికి పోకపోవడమే మంచిదైంది; అది లోపల విరిగితే మామూలు డ్రిల్ దిగదు.

అసలు కారణం, ఎవరో 1/4-28 స్క్రూ (పావు అంగుళం లావు, అంగుళానికి 28 మరలు) బిగించారు. మౌజర్‌ది అంగుళానికి 22 మరలు. తప్పు స్క్రూ ఒకటి రెండు చుట్లు ఎక్కి పట్టేస్తుంది, ఇంకా బలం పెడితే ఇదిగో ఇలాగే తల తెగుతుంది. నలిగిన మరలను, మరలు కోసే 1/4-22 ట్యాప్‌తో సరిచేశా (మామూలు సెట్లలో ఈ సైజు ఉండదు). వెనక స్క్రూ చుట్టూ ఉండాల్సిన స్టీలు గొట్టం కూడా లేదు. అది లేకపోతే బిగించేకొద్దీ కట్టె నలిగి స్క్రూ వదులవుతూనే ఉంటుంది.