అప్‌డేట్: ఎన్‌ఎఫ్‌ఎస్‌లో ఫైల్ టైమ్ వెనకబడటం, కారణం దొరికింది

పోయిన వారం అడిగింది ఇదీ: మాదాపూర్‌లో మా ఆఫీసులో ఒక మెషీన్ ఎన్‌ఎఫ్‌ఎస్ షేర్‌లో (సర్వర్‌లోని ఫోల్డర్‌ని నెట్‌వర్క్ మీద వేరే మెషీన్లూ వాడుకునే పద్ధతి) లాగ్ రాస్తుంటుంది. పక్క మెషీన్ ఆ ఫైల్ చివరిసారి మారిన టైమ్ చూసి, నిమిషం దాటితే జాబ్ ఆగిపోయిందని అలారం కొడుతుంది. జాబ్ మాత్రం నిక్షేపంగా నడుస్తోంది.

నన్ను రెండు రోజులు తిప్పింది ఒకే ఒక్క విషయం. రాసే మెషీన్‌లో ఎప్పుడు ఎల్‌ఎస్ (ఫైళ్ల వివరాలు చూపే కమాండ్) కొట్టినా టైమ్ తాజాగానే ఉండేది. లినక్స్ క్లయింట్ (షేర్‌ని వాడుకునే మెషీన్) టైమ్ అడగ్గానే మెమరీలో ఆగిన డేటాని ముందు సర్వర్‌కి తోసి, ఆ తర్వాతే జవాబిస్తుందట. అంటే నేను చూడబట్టే అది సరైపోతోంది! చూడకపోతే ఆ డేటా దాదాపు 30 సెకన్లు అక్కడే ఉంటుంది. సర్వర్ టైమ్ వేసేది రాత తన దాకా వచ్చినప్పుడే. దానికి తోడు చదివే మెషీన్ పాత టైమ్‌నే 60 సెకన్ల వరకు దాచుకుంటుంది. రెండూ కలిస్తే అలారం మోగక ఏం చేస్తుంది?

నోఏసీ (టైమ్ లాంటి వివరాలు దాచుకోవద్దనే మౌంట్ ఆప్షన్) పెట్టి చూశాం, రాతలు బాగా నెమ్మదించాయి, తీసేశాం. ఇప్పుడు స్క్రిప్టులో ప్రతి పది సెకన్లకి ఎఫ్‌సింక్ (ఆగిన డేటాని వెంటనే సర్వర్‌కి తోయమనడం), చదివే వైపు మౌంట్‌లో యాక్‌టైమియో=3 (టైమ్‌ని 3 సెకన్లే దాచుకోమనడం). నాలుగు రోజులుగా ఒక్క తప్పుడు అలారం లేదు.

సర్వర్‌లోకే వెళ్లి టైమ్ చూడమన్న అన్నకి చాలా థ్యాంక్స్. తేడా అక్కడే బయటపడింది.