విజిట్ వీసాపై దుబాయి వెళ్లి, అక్కడ కంపెనీ వీసాకు మారవచ్చా?

ప్రశ్న (జగిత్యాల జిల్లా నుంచి)

అందరికీ నమస్కారం. మా తమ్ముడు తొమ్మిదో తరగతితో చదువు ఆపి, ఎలక్ట్రీషియన్‌గా పనిచేస్తున్నాడు. దుబాయిలో ఒక కంపెనీకి మనుషులు కావాలని, నెలకు 1,800 దిర్హాములు ఇస్తారని, రూము కూడా కంపెనీదేనని మా ఊరికి వచ్చే ఒక ఏజెంటు చెబుతున్నాడు. అయితే ముందు విజిట్ వీసాపై పంపిస్తానని, అక్కడికి చేరాక కంపెనీయే వీసా మారుస్తుందని, ఇందుకు 1,20,000 రూపాయలు కట్టాలని అంటున్నాడు. ఇంతవరకు చేతికి ఒక్క కాగితం ఇవ్వలేదు. పొలం కుదువపెట్టయినా కడదామని మా నాన్నగారు అంటున్నారు. ఇది సరైన పద్ధతేనా? తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పండి.

సమాధానం (అబుదాబి నుంచి)

అమ్మా, ముందుగా నాన్నగారిని ఆపండి. అక్కడికి వెళ్లాక వీసా మారడం అసలు జరగదని నేను అనను, కంపెనీ నిజంగా వర్క్ పర్మిట్ తీసుకుంటే మారుతుంది. కానీ తీసుకోకపోతే నష్టమంతా మీ తమ్ముడిదే. విజిట్ వీసాపై పనిచేయడం అక్కడ చట్టవిరుద్ధం, గడువు దాటి ఉంటే రోజుకు 50 దిర్హాముల జరిమానా పడుతుంది. ఆ తర్వాత ఖల్లివెల్లిగా, అంటే సరైన కాగితాలు లేకుండా దొంగచాటుగా బతికేవాళ్లుగా, మిగిలిపోయినవాళ్లను మన జిల్లాలవాళ్లలోనే చాలామందిని చూశాను. పర్మిట్ లేనివారితో పని చేయించే యజమానికి 2024లో జరిమానాను పెంచి, కనీసం లక్ష, గరిష్ఠంగా పది లక్షల దిర్హాములు చేశారు కాబట్టి, మనిషి నిజంగా అవసరమైన కంపెనీ వీసాను ఇండియాకే పంపిస్తుంది.

అసలు వరుస ఇది. మొదట అక్కడి కార్మిక మంత్రిత్వ శాఖ నమూనాలో ఆఫర్ లెటర్ వస్తుంది. మీ తమ్ముడు దాన్ని చదివి సంతకం చేశాక కంపెనీ పర్మిట్‌కు దరఖాస్తు చేసి, తన పేరు, పని పేరు ఉన్న ఎంట్రీ పర్మిట్ పంపుతుంది. అక్కడికి చేరాక మెడికల్ పరీక్ష, ఎమిరేట్స్ ఐడీ (అక్కడి గుర్తింపు కార్డు), రెసిడెన్సీ వీసా పూర్తవుతాయి. నియామకపు ఖర్చును కార్మికుడి నుంచి నేరుగా గానీ, మరో రూపంలో గానీ వసూలు చేయకూడదని 2021 నాటి యూఏఈ కార్మిక చట్టం స్పష్టంగా చెబుతోంది.

సమాధానం (హైదరాబాద్ నుంచి)

పై సమాధానంతో ఏకీభవిస్తూ మన దేశం వైపు సంగతి చెబుతాను. పదో తరగతి పాస్ కాలేదు కాబట్టి మీ తమ్ముడి పాస్‌పోర్టు ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్, అంటే వెళ్లేముందు ప్రభుత్వ పరిశీలన తప్పనిసరి) కోవలోకి వస్తుంది. అలాంటివారు గల్ఫ్ దేశాలకు ఉద్యోగానికి వెళ్లాలంటే కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్ ద్వారా ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనే అధికారి అనుమతి పొందాలి. ఆ పరిశీలనను తప్పించుకోవడానికే చాలామంది ఏజెంట్లు విజిట్ వీసా దారి చూపిస్తారు. ఆ దారిన వెళ్తే 275 రూపాయలతో రెండేళ్లకు, 375 రూపాయలతో మూడేళ్లకు వచ్చే ప్రవాసీ భారతీయ బీమా కూడా ఉండదు. ప్రమాదంలో మరణించినా, శాశ్వత వైకల్యం కలిగినా పది లక్షలు ఇచ్చే బీమా అది.

ఆ ఏజెంటును లైసెన్సు నంబరు అడిగి, ఈ-మైగ్రేట్‌లో అది అమలులో ఉందో, సస్పెండయిందో చూసుకోండి. ఊళ్లలో తిరిగే సబ్ ఏజెంట్లకు చట్టంలో గుర్తింపే లేదు. లైసెన్సు ఉన్నవారు సైతం 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ కలిపి 35,400కు మించి తీసుకోకూడదు, రసీదు ఇచ్చి తీరాలి. విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపే తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌లో కూడా పేరు నమోదు చేయించండి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. గట్టిగా అడిగితే ఏజెంటు ఫోనులో ఒక ఆఫర్ లెటర్ పంపాడు. అందులో బేసిక్ 900, అలవెన్సులు 900 అని ఉంది. మొత్తం సరిపోయింది కదా, ఇలా ఉండవచ్చా?

సమాధానం (అబుదాబి నుంచి)

ఉండవచ్చు, కానీ ఇక్కడే మనవాళ్లు ఎక్కువగా నష్టపోతారు. ఓవర్‌టైమ్‌నూ, పని మానేటప్పుడు వచ్చే గ్రాట్యుటీనీ బేసిక్ మీదే లెక్కకడతారు. ఏడాది పూర్తిచేసినవారికి మొదటి ఐదేళ్ల వరకు ఏడాదికి 21 రోజుల బేసిక్ వస్తుంది. అంటే 900 మీద ఏడాదికి 630 దిర్హాములు, అదే బేసిక్ 1,400 ఉంటే 980. కాబట్టి బేసిక్ పెంచమని సంతకానికి ముందే అడగాలి, తర్వాత అడిగితే ఎవరూ వినరు.

పని పేరు 'ఎలక్ట్రీషియన్' అని ఉందా, 'హెల్పర్' అని ఉందా చూడండి. మీ తమ్ముడికి ఇంగ్లీషు రాకపోతే తనకు అర్థమయ్యే భాషలో, కనీసం హిందీలోనో ఉర్దూలోనో, ఆఫర్ లెటర్ కావాలని అడగవచ్చు. ఫోనులో వచ్చిన కాగితాన్ని నమ్మకండి, దుబాయిలోని భారత కాన్సులేట్‌కు చెందిన ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రానికి పంపి, ఆ కంపెనీ, ఆ ఆఫర్ నిజమైనవేనా అని అడగండి. అన్నీ సరిపోయాక, ఎంట్రీ పర్మిట్, ఎమిగ్రేషన్ అనుమతి చేతికి వచ్చాకే పొలం సంగతి ఆలోచించండి. 35,400 రూపాయలకు పొలం కుదువపెట్టాల్సిన అవసరం కూడా బహుశా రాదు.