ధ్రువణ సూక్ష్మదర్శినిలో భీమిలి ఇసుక: కొన్ని రేణువులు ఎంత తిప్పినా నల్లగానే ఎందుకు?

అడిగినవారు (వృక్షశాస్త్ర అధ్యాపకురాలు, విశాఖపట్నం):
మా ప్రయోగశాలకు పాత ధ్రువణ సూక్ష్మదర్శిని (ఒకే దిశలో కంపించే కాంతితో చూసే మైక్రోస్కోపు) ఒకటి వచ్చింది. భీమిలి తీరపు ఇసుక పెట్టి చూశాను. కొన్ని రేణువులు లేత ఆకుపచ్చ, గులాబీ రంగుల్లో మెరుస్తున్నాయి. కొన్ని ఎటు తిప్పినా నలుపే. ఇసుకలో సాధారణంగా ఉండే క్వార్ట్జ్ ఖనిజం బూడిద రంగులో ఉంటుందని పుస్తకంలో ఉంది, నాకు ఒక్కటీ అలా లేదు. పైగా స్టేజ్ (స్లయిడ్ పెట్టే గుండ్రటి బల్ల) తిప్పగానే రేణువు పక్కకు పారిపోతోంది. పరికరం చెడిందా? బంగాళాదుంప పిండి, బట్టల పోగులు కూడా దీనిలో చూడవచ్చా?

జవాబు (విశ్రాంత భూగర్భశాస్త్ర అధ్యాపకుడు):
ముందు ఖాళీ గాజు స్లయిడ్ పెట్టండమ్మా. పోలరైజర్ (స్లయిడ్ కింది ధ్రువణ పలక), అనలైజర్ (స్లయిడ్ పైన ఉండే రెండో పలక) ఒకదానికొకటి అడ్డంగా ఉన్నప్పుడు అంతా చీకటైతే పరికరానికి ఏ జబ్బూ లేదు. మసకగా వెలుగుంటే పోలరైజర్‌ను కొద్దికొద్దిగా తిప్పి, బాగా చీకటైన చోట ఆపండి.

నల్లటి రేణువులు రెండు రకాలు. అనలైజర్ బయటికి లాగి చూడండి. లేత గులాబీగా, పారదర్శకంగా కనిపించేది గార్నెట్ అనే ఖనిజం. అది కాంతిని రెండు కిరణాలుగా చీల్చదు కనుక ఎటు తిప్పినా చీకటే. అప్పుడు కూడా నల్లగానే ఉంటే చాలావరకు ఇల్మెనైట్ అనే ఖనిజం. దానిలోంచి కాంతే దూరదు. పైనుంచి ఏటవాలుగా టార్చి వేస్తే లోహంలా మెరుస్తుంది.

ఇక క్వార్ట్జ్. పుస్తకంలోని బూడిద రంగు 0.03 మిల్లీమీటర్ల మందానికి అరగదీసిన రాతి పలకది. మందాన్ని క్వార్ట్జ్ ద్వివక్రీభవనం (కాంతిని రెండు కిరణాలుగా చీల్చే గుణానికి కొలత) 0.009తో గుణిస్తే ఆ కిరణాల మధ్య తేడా గరిష్ఠంగా 270 నానోమీటర్లు వస్తుంది, అంటే బూడిద, తెలుపు. మీ రేణువు 0.2 మిల్లీమీటర్లుంటే 1800 నానోమీటర్లు. అక్కడ కనిపించేవి సరిగ్గా మీరు చెప్పిన లేత ఆకుపచ్చ, గులాబీలే! రేణువు అంచు దగ్గర మందం తగ్గుతుంది. అక్కడ బూడిద నుంచి మొదలై రంగుల చారలు వరుసగా కనిపిస్తాయి. పుస్తకాల్లోని రంగుల పట్టికతో నేరుగా పోల్చకండి, ఆ చారలు లెక్కపెట్టండి.

రేణువు పారిపోవడం సెంటరింగ్ లోపం, అంటే స్టేజ్ తిరిగే కేంద్రం, లెన్సు కేంద్రం కలవకపోవడం. ఒక చుక్కను ఐపీస్‌లో కనిపించే అడ్డగీతల మధ్య ఉంచి స్టేజ్‌ను 180 డిగ్రీలు తిప్పండి. జరిగిన దూరంలో సగం సెంటరింగ్ మరలతో, మిగతా సగం స్లయిడ్‌ను జరిపి సరిచేయండి. రెండు మూడుసార్లు చేస్తే కుదురుతుంది.

జవాబు (జౌళి పరీక్షల ఉద్యోగిని):
పిండిని చన్నీటిలోనే చూడండి మేడమ్. ప్రతి రేణువు మీద నల్లటి శిలువ గుర్తు కనిపిస్తుంది, ఉడికిస్తే పోతుంది. పాలిస్టర్ పోగు తిప్పుతున్నప్పుడు నాలుగు చోట్ల పూర్తిగా ఆరిపోతుంది, అంటే చీకటవుతుంది. పత్తి పోగు మెలికలు తిరిగి ఉంటుంది కాబట్టి ఎక్కడా పూర్తిగా ఆరదు. ప్లాస్టిక్ కవర్ స్లిప్ (పైన కప్పే పల్చటి పలక) మాత్రం వద్దు, అది తానే రంగులు చూపిస్తుంది. మనం పోగును మెచ్చుకుంటూ కూర్చుంటాం!

అడిగినవారు:
గార్నెట్, ఇల్మెనైట్ తేలిపోయాయి సార్. పొడవాటి, రంగులేని రేణువులు కొన్ని ఉన్నాయి. నిడివి అడ్డగీతకు సమాంతరంగా రాగానే ఆరిపోతున్నాయి. ఇవి సిల్లిమనైట్ ఖనిజమా, జిర్కానా?

జవాబు (విశ్రాంత భూగర్భశాస్త్ర అధ్యాపకుడు):
రెండూ అలాగే ఆరతాయి, కాబట్టి ఆ గుర్తు చాలదు. ఒక చుక్క లవంగ నూనెలో పెట్టండి. దాని వక్రీభవన గుణకం (కాంతిని వంచే శక్తికి కొలత) సుమారు 1.53, క్వార్ట్జ్‌కు దగ్గర. అందుకే క్వార్ట్జ్ అంచులు దాదాపు మాయమవుతాయి. సిల్లిమనైట్ 1.65 పైన, అంచు స్పష్టంగా ఉంటుంది. జిర్కాన్ 1.9 దాటుతుంది, చుట్టూ కాటుక పెట్టినట్టు మందపాటి నల్లగీత కనిపిస్తుంది. మన కొండల ఖొండలైట్ అనే రాతిలో గార్నెట్, సిల్లిమనైట్ రెండూ ఉంటాయి కనుక పొడవాటివి ఎక్కువగా సిల్లిమనైటే అయి ఉండాలి.

పది రెట్ల ఆబ్జెక్టివ్ చాలు. 40 రెట్లది దింపితే కవర్ స్లిప్‌ను పైకెత్తిన రేణువుల మీద లెన్సు ఒరుసుకుంటుంది. నూనె లెన్సుకు అంటితే వెంటనే లెన్స్ కాగితంతో తుడవండి.