మేపుల్ లీఫ్ గార్డెన్స్: కాపాడారా, గుల్ల మిగిల్చారా?

పాతగోడ:
టొరంటోలో కార్ల్‌టన్, చర్చ్ వీధుల మూలనున్న మేపుల్ లీఫ్ గార్డెన్స్ అనే ఈ ఐస్ హాకీ భవనాన్ని కాపాడేశారని అందరూ పొగుడుతుంటారు. నేను ఒప్పుకోను. 1931 జూన్‌లో పని మొదలెట్టి నవంబరు 12కల్లా మొదటి ఆట ఆడించారు. మాంద్యం రోజులు. డబ్బు చాలక, ఇక్కడ ఆడే టొరంటో మేపుల్ లీఫ్స్ జట్టును నడిపిన కాన్ స్మైత్ కూలీలకు జీతంలో కొంత వాటాల రూపంలో ఇచ్చాడు. అంత తంటాపడి కట్టింది గోడలు కాదు, ఒక గిన్నె: నాలుగు వైపుల నుంచీ మెట్లుమెట్లుగా దిగే సీట్లు, అడుగున ఐస్. 2004లో లోబ్లా అనే సూపర్ మార్కెట్ల సంస్థ కొన్నది, తర్వాత ఆ గిన్నెనే పీకేశారు. కింద ఇప్పుడు సూపర్ మార్కెట్. పాత రింక్ (ఐస్ ఆటస్థలం) నడిబొడ్డు ఎక్కడంటే 25వ వరుసలో, సరుకుల అరల మధ్య, నేల మీద ఎర్ర చుక్క! 2007లో జాతీయ చారిత్రక స్థలమని గుర్తించింది ఇటుకలనా?

మంచుపలక:
ఐస్ పోలేదండీ, మేడెక్కింది. 2012 నుంచి పై అంతస్తులో, ఆ పాత ఉక్కు గుమ్మటం కిందే, 200 అడుగుల పొడవు, 85 అడుగుల వెడల్పుతో రింక్ నడుస్తోంది. అప్పటి రయర్సన్, ఇప్పటి టొరంటో మెట్రోపాలిటన్ యూనివర్సిటీ వాళ్లది. అప్పటి మిగతా హాకీ భవనాల గతి చూడండి: డెట్రాయిట్ ఒలింపియాను 1987లో, షికాగో స్టేడియంను 1995లో, బోస్టన్ గార్డెన్‌ను 1998లో కూల్చారు. మాంట్రియల్ ఫోరమ్ సినిమాహాళ్లయింది.

పాతగోడ:
మేడ మీద ఐస్ అంటే బరువు మోయలేక సీట్లు తగ్గించారేమో?

ఉక్కుదూలం:
బరువుకీ సీట్లకీ సంబంధం లేదు, లెక్క చూడండి. ఆ కొలతకు సుమారు 1,580 చదరపు మీటర్లు. 3 సెంటీమీటర్ల మందాన ఐస్ వేస్తే మొత్తం 43 టన్నులు, అంటే చదరపు మీటరుకు 27 కిలోలే. దాని కింద గొట్టాలు పొదిగిన కాంక్రీటు 15 సెంటీమీటర్లుంటే 360 కిలోలు. అసలు చూసుకోవాల్సింది ఐస్ చదునుచేసే బండి. నీళ్లతో నిండితే టన్నుల బరువు, అదంతా నాలుగు చక్రాల మీదే, పైగా కదులుతూ ఉంటుంది.

కష్టం చెమ్మతో. గొట్టాల్లో సున్నాకు 9, 10 డిగ్రీలు దిగువన ఉప్పునీళ్లో, గ్లైకాల్ అనే గడ్డకట్టని ద్రవమో తిరుగుతూ పలకను గడ్డకట్టే చలిలో ఉంచుతుంది. (భీమవరం ఐస్ ఫ్యాక్టరీలో దిమ్మలు కట్టే సూత్రమే ఇది, ఇక్కడ దిమ్మ బదులు పలక.) కింది అంతస్తులో వెచ్చటి గాలి. పలక కింద ఇన్సులేషన్, ఆవిరి చొరబడని పొర అతుకుల దగ్గర తెగితే ఆవిరి లోపలికి పోయి నీరవుతుంది, గడ్డకడుతుంది, ఇన్సులేషన్ పాడై కింది కప్పు కారుతుంది. స్తంభాలు, డ్రెయిన్లు చొచ్చుకొచ్చే చోట్లే ముందు తెగేది. నేల మీది రింక్‌కు తిప్పలు వేరు: అడుగు మట్టి గడ్డకట్టి ఉబ్బి పలకను పగలగొడుతుంది, అందుకే కింద వేడి గొట్టాలు వేస్తారు. మేడ మీద ఆ బాధ లేదు.

ఇంకోటి. గిన్నె భవనాల్లో సీట్ల చట్రం బయటి గోడలకు పక్క ఆసరా కూడా ఇస్తుంది. గోడలకు వేరే ఆసరా కట్టకుండా దాన్ని పీకడం కుదరదు. గుల్ల మిగల్చడం కూడా చౌక పని కాదు.

పాతగోడ:
సరే, బరువు మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ 12 వేలకు పైగా జనం కూర్చున్న చోట ఇప్పుడు హాకీకి మూడు వేల లోపే.

మంచుపలక:
అది లోబ్లా తప్పు కాదు. లీఫ్స్ జట్టు మారిన కొత్త అరీనాకు పోటీ రాకూడదని అమ్మినవాళ్లే పట్టుబట్టారు. చెరపడం కూడా ముందే మొదలైంది. ఫాస్టర్ హెవిట్ రేడియో వ్యాఖ్యానం చెప్పిన గొండోలా అనే వేలాడే గది, ఐస్‌కు 56 అడుగుల ఎత్తున ఉండేది. దాన్ని పీకి కాల్పించింది 1979లో అప్పటి యజమాని హెరాల్డ్ బాలార్డ్. అప్పటికి లీఫ్స్ ఇంకా అక్కడే ఆడుతున్నారు, 1999 ఫిబ్రవరి దాకా ఆడారు.

పాతగోడ:
గొండోలా సంగతి నిజమే, బాలార్డ్‌ను వెనకేసుకు రాను. గుమ్మటం వరకు ఒప్పుకుంటా. ఆ ఎర్ర చుక్కను మాత్రం వారసత్వం అనకండి.